ఎనిమిది కిలోమీటర్ల గీత

ఏప్రిల్ వచ్చిందంటే మా షాపులో ప్రింటరుకి తీరికుండదు. కళింగపట్నం వెళ్లే రోడ్డు మీద మాదొక చిన్న జిరాక్స్, నెట్ సెంటర్. మామూలు రోజుల్లో పరీక్ష ఫీజులు, కరెంటు బిల్లులు, అడంగళ్లు. సముద్రంలో చేపల వేట నిషేధం దగ్గరపడితే మాత్రం వచ్చేవాళ్లంతా మా పేటవాళ్లే. తడిసి ఆరి ముడతలు పడ్డ ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, రేషన్ కార్డు, పడవ రిజిస్ట్రేషన్ కాగితం అన్నీ ఒకే ప్లాస్టిక్ కవరులో ఉంటాయి. "అమ్మీ, ఈ ఏడు నా పేరుందేటో సూడు" అంటూ ఫోను కౌంటర్ మీద పెడతారు. ఉందా లేదా నాకేం తెలుస్తుంది? నిషేధం రోజులకి ప్రభుత్వం ఇచ్చే భృతి లిస్టు ఇంకా తయారవ్వదు కదా. అయినా చూసినట్టు చేసి, "వచ్చాక చెప్తాను చిన్నాన్నా" అంటాను.

మాది వేటకెళ్లే ఇల్లు. నాన్నకి ఒక ఫైబర్ పడవలో సగం వాటా ఉంది. అమ్మ గంప పట్టుకుని శ్రీకూర్మం, గార వైపు ఊళ్లలో చేపలమ్ముతుంది. నేను శ్రీకాకుళంలో బీకాం చదివి ఈ కౌంటర్ వెనక కూర్చున్నాను. సముద్రం గురించి నాన్నకి తెలిసినదాంట్లో నాకు వీసమెత్తు తెలీదు. సముద్రం గురించి ప్రభుత్వం దగ్గరున్న కాగితాల సంగతి మాత్రం నాన్న కంటే నాకే బాగా తెలుసు. మా పేటకి సంబంధించినంతవరకు అందులో సగం నేను నింపినవే. ఆ కాగితాలు ఒడ్డున మమ్మల్ని ఎలా లెక్కపెడతాయో, నీళ్ల మీద గీత దాటొచ్చే పెద్ద బోట్లని ఎందుకు చూడవో చెప్పాలనే ఈ పోస్టు.

ముందు నిషేధం సంగతి. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజిన్ ఉన్న ఏ పడవా వేటకి వెళ్లకూడదు. ఒకప్పుడు 47 రోజులే ఉండేది. 2015 నుంచి 61 చేశారు. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి వాటి జోలికి పోకూడదని ఈ నిబంధన. ఇంజిన్ లేని తెప్పలకి మినహాయింపు ఉంది కానీ, ఇప్పుడు మా ఒడ్డున తెడ్డు వేసుకుని వెళ్లే తెప్ప వెతికినా దొరకదు. నిజం చెప్పాలంటే నిషేధం మీద మా పేటలో పెద్ద పేచీ లేదు. గుడ్ల చేపని పట్టేస్తే రేపు వల్లో ఏం పడుతుందని ముసలివాళ్లే అంటారు. పేచీ అంతా భృతి లిస్టు మీద.

భృతి ఒకప్పుడు 4 వేలు. 2019లో 10 వేలైంది. 2025లో 20 వేలు చేశారు. దాన్ని మొదలుపెట్టడానికి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆ ఏడాది ఏప్రిల్ 26న మా జిల్లాలోనే, ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెం వచ్చారు. రెండు నెలలు పడవ ఇసుకలో ఉంటే ఆ 20 వేలే ఇంటికి ఆధారం. అందులో కొంత వల కోసం తెచ్చిన అప్పు వడ్డీకి పోతుంది. అయినా అది లేకపోతే ఎలా ఉండేదో మా అమ్మ తరంవాళ్లని అడిగితే చెప్తారు.

లిస్టు కోసం నిషేధం మొదలయ్యాక సిబ్బంది ఒడ్డుకి వస్తారు. పడవ ఒడ్డున ఉండాలి, దాని మీద నంబరు కనబడాలి, పడవలో పనిచేసే కలాసీలు పక్కన నిలబడాలి, ఫొటో తీస్తారు. నంబరు అంటే రియల్‌క్రాఫ్ట్ అనే కేంద్ర పోర్టల్‌లో రిజిస్టరైతే వచ్చేది. 'ఐఎన్‌డీ - ఏపీ' అని మొదలై మధ్యలో 'ఎంఓ' అని ఉంటుంది, అంటే మోటారు బిగించిన పడవ. విశాఖ నుంచి వచ్చే పెద్ద బోట్లకి 'ఎంఎం', ఇంజిన్ లేనివాటికి 'ఎన్‌ఎం'. ఈ అక్షరాల తేడా మా పేటలో మూడో తరగతి పిల్లలకి కూడా తెలుసు, ఎందుకంటే డీజిల్ రాయితీ నుంచి భృతి దాకా అన్నీ దానికే ముడిపెట్టారు. ఉప్పునీళ్లకి ఆ పెయింటు ఆర్నెల్లు కూడా ఆగదు. అందుకే ఏటా మార్చి చివర్లో రంగు డబ్బా పట్టుకుని ఒడ్డు మీద తిరిగే కుర్రాడొకడున్నాడు. అదే వాడి సీజను.

ఒక్కో పడవకి ఇంతమంది అని పరిమితి ఉంటుంది. కాగితం ప్రకారం ఫలానా పడవకి ఫలానా మనుషులు. మా పేటలో వేట అలా జరగదు. ఇవాళ మావయ్య పడవలో వెళ్లినవాడు, అక్కడ వల చిరిగితే రేపు నాన్న పడవ ఎక్కుతాడు. పెళ్లైతే ఇటు, మాటా మాటా వస్తే అటు. లిస్టు మాత్రం ఎవరో ఒకర్ని తేల్చమంటుంది. నాన్న వాటాదారు తన పెద్దకొడుకు పేరు రాయిస్తే చిన్నకొడుకు నిషేధం అయ్యేదాకా తండ్రితో మాట్లాడలేదు. ఇద్దరూ నా షాపుకి వేర్వేరుగా వచ్చేవారు, ఒకడు బయట కనబడితే రెండోవాడు సైకిలు తిప్పేసేవాడు.

ఇక లిస్టులో ఎప్పుడూ లేనివాళ్లు ఉన్నారు. మా జిల్లా కుర్రాళ్లు ఎంతమంది గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి అక్కడి బోట్లలో కలాసీలుగా పనిచేస్తారో మీకు తెలిసే ఉంటుంది. ఆగస్టులో అడ్వాన్సు తీసుకుని రైలెక్కుతారు. పడమటి తీరంలో నిషేధం జూన్, జులై నెలల్లో. కాబట్టి ఏప్రిల్లో మా ఒడ్డున ఫొటోలు తీసే రోజుకి వాళ్లు అరేబియా సముద్రంలో ఉంటారు. ఇక్కడ నిషేధం సగం గడిచాక ఇంటికొస్తారు. ఇక్కడి లిస్టులో వాళ్లుండరు, అక్కడి బోటు వాళ్లది కాదు. 2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లు వెరావల్ బోట్లలో ఉండగా పాకిస్తాన్‌వాళ్లు పట్టుకున్నప్పుడే రాష్ట్రమంతటికీ వీళ్ల పేర్లు వినబడ్డాయి. 2020 జనవరిలో 20 మందిని వాఘా దగ్గర అప్పగించారు. ఆ ఏడాది వేసవిలోనే లాక్‌డౌన్‌లో వేలమంది వెరావల్‌లో ఇరుక్కుపోయారు. జైలో, కరోనానో వస్తే తప్ప వాళ్లు ఏ లెక్కలోకీ రారు.

ఇంకొకరు మా అమ్మ. పడవ ఆగితే గంప కూడా ఆగుతుంది. భృతి పడవెక్కినవాడికి, చేపలమ్మేవాళ్లకి, ఎండబెట్టేవాళ్లకి లేదు. "నానేటి, ఒడ్డున ఊరికే కూకున్నానా?" అని అమ్మ ఏటా ఒకసారైనా అంటుంది. ఎవరినని కాదు, ఊరికే.

ఇన్ని చెప్పాక నేను గమనించింది ఒకటి చెప్పాలి. ఒడ్డున నిలబడ్డ మనిషిని, పడవని లెక్కపెట్టడం ప్రభుత్వానికి బాగా అలవాటైంది. ముంబయి దాడుల తర్వాత మత్స్యకారులకి బయోమెట్రిక్ కార్డులిచ్చారు, మెరైన్ పోలీసులు వాటిని అడుగుతారు. డీజిల్‌కి లీటరుకి 9 రూపాయల రాయితీ కావాలన్నా అనుమతి, లైసెన్సు, కార్డు అన్నీ సరిగా ఉండాలి. నాకు దీని మీద ఫిర్యాదు లేదు, నా షాపు నడిచేదే దీని మీద. నీళ్ల మీదకి వెళ్లాక మాత్రం ఈ చూపు మసకబారిపోతుంది.

రాష్ట్రంలో సముద్ర వేటని క్రమబద్ధం చేయడానికి 1994లో చట్టం వచ్చింది. దాని ప్రకారం తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు నీళ్లు సంప్రదాయ మత్స్యకారులవి. మర బోట్లు, అంటే 'ఎంఎం' అక్షరాలున్న పెద్దవి, ఆ గీతకి అవతలే వేటాడాలి. 20 మీటర్లు దాటిన పెద్ద బోట్లైతే 23 కిలోమీటర్లకి అవతల. కాగితం మీద ఇంత చక్కని మాట ఇంకోటి నేను చదవలేదు.

మా పెద్దవాళ్లకి కిలోమీటర్లతో పనిలేదు, కొండగుర్తులే లెక్క. శాలిహుండం కొండ, కళింగపట్నం లైట్‌హౌస్, శ్రీకూర్మం గోపురం. ఏ రెండు గుర్తులు ఒక వరసలోకి వచ్చాయో చూసి ఎంత లోతులో ఉన్నారో చెప్పేస్తారు. ఆ లెక్కలో 8 కిలోమీటర్లు ఎక్కడో నాన్నకి బాగా తెలుసు. రాత్రిపూట ఆ గీతకి చాలా ఇవతల సోనా బోట్ల, అంటే అడుగు వల ఈడ్చే పెద్ద మర బోట్ల, చప్పుడు వినబడుతుందని కూడా తెలుసు. రొయ్య ఉండేది లోతు తక్కువ నీళ్లలో, అందుకే వాళ్లు ఒడ్డుకి వస్తారు. మా జిల్లాలో మర బోట్లు నిలిపే హార్బర్ లేదు. బుడగట్లపాలెం హార్బర్‌కి 2023 ఏప్రిల్లో, మూలపేట పోర్టుతో పాటు ఒకే రోజు శంకుస్థాపన చేశారు. కాబట్టి మా నీళ్లలో తిరిగే పెద్ద బోటు ఏదైనా దాదాపు బయటి జిల్లాల నుంచి వచ్చినదే. దాన్ని నడిపే సరంగు మాకు తెలిసినవాడు కాదు, మాట్లాడి సర్దుకోడానికి.

నాన్నవాళ్లు సాయంత్రం వల దించి, తెల్లవారుజామున తీస్తారు. సోనా బోటు అడుగు వల ఈడ్చుకుంటూ అటు వచ్చిందంటే ఇక మన వల మనది కాదు. సగం తెగి వాళ్లతో పోతుంది, మిగిలినది బెండ్లతో సహా చుట్టుకుపోయి పనికిరాదు. ఒకసారి అలా పోయినప్పుడు అందరూ కలిసి ఫిర్యాదు ఇస్తామని నా దగ్గరికొచ్చారు. టైపు చేసి, సంతకాలు పెట్టించి, ఒక ఆఫీసులో ఇచ్చాం. బోటు నంబరెంత, ఏ సమయంలో, ఏ అక్షాంశం, ఏ రేఖాంశం అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నలే, తప్పనను. కాకపోతే చీకట్లో దీపాలార్పేసి వెళ్లే బోటు నంబరు చదవగలిగేవాడు ఎక్కడైనా ఉంటే వాడికి వేటెందుకు, ఏ నేవీలోనో ఉద్యోగమే ఇచ్చేస్తారు.

తర్వాత మా తమ్ముడి వరస కుర్రాళ్లకి ఫోనులో జీపీఎస్ చూసి స్క్రీన్‌షాట్ తీయడం నేర్పాను. తీశారు. సమయం, చోటు రెండూ స్పష్టంగా ఉన్నాయి, తీరానికి నాలుగు కిలోమీటర్లు కూడా లేదు. ఫొటోలో బోటు మాత్రం ఒక నల్లటి మరక. మళ్లీ ఇచ్చాం. బోటు గుర్తించడానికి వీలుకాలేదని జవాబొచ్చింది. ఆ కాగితం రాసినవాళ్ల మీద కోపం లేదు. రాత్రి సముద్రం మీదకెళ్లి పట్టుకోడానికి గస్తీ పడవ కావాలి, మా వైపు అది కనబడటమే అరుదు. గీత గీయడానికి ఒక జీవో సరిపోయింది, కాపలా కాయడానికి మాత్రం మనుషులు, డీజిలు కావాలి.

12 నాటికల్ మైళ్లు దాటితే, అంటే 22 కిలోమీటర్ల పైచిలుకు, ఇక రాష్ట్రం చేతిలో లేదు. రాజ్యాంగంలో చేపలు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి, ఆ హద్దుకి అవతలి వేట కేంద్రం జాబితాలో ఉంది. చేపకి ఈ సంగతి తెలీదనుకోండి. 2017 నవంబరులో కేంద్రం తన నీళ్లలో ఎల్‌ఈడీ దీపాల వేటని, రెండు బోట్లు కలిసి ఒకే వల లాగే వేటని నిషేధించింది. 2025 నవంబరులో ఆ నీళ్లకి కొత్త నియమాలు వచ్చాయి, పెద్ద బోట్లు రియల్‌క్రాఫ్ట్‌లోనే యాక్సెస్ పాస్ తీసుకోవాలి. చిన్న సంప్రదాయ పడవలకి అక్కర్లేదు. మంచిదే, నా ప్రింటరుకి కాస్త ఊపిరి.

మా పేటకి సొంత కట్టు కూడా ఒకటుంది. గంగమ్మ గుడి దగ్గర పెద్దలు కూర్చుని తేలుస్తారు: మన ఒడ్డున చేపల గుంపుని చుట్టేసే రింగు వల దించకూడదు, ఒకరు వల వేసిన చోట ఇంకొకరు వేయకూడదు, ఎవరింట్లోనైనా చావు జరిగితే ఆ పూట వేట ఆపాలి. తప్పితే జరిమానా. చట్టం కంటే దీనికే ఎక్కువ భయపడతారు, ఎందుకంటే దీన్ని చూసే కళ్లు ప్రతి గుమ్మంలో ఉంటాయి. దీన్ని నేను మరీ పొగడను. ఆ కూర్చునే చోట ఆడమనిషికి చోటులేదు, అమ్మకి వినబడాలంటే గుడి వెనక నిలబడాలి. పైగా ఈ కట్టు మావాళ్లకే. సోనా బోటు సరంగుని గంగమ్మ గుడికి పిలిపించలేం కదా.

చలికాలం చివర నుంచి మా ఒడ్డుకి చచ్చిన తాబేళ్లు కొట్టుకొస్తాయి. ఆలివ్ రిడ్లీ జాతివి, గుడ్లు పెట్టడానికి మన తీరానికి వస్తూ ఈడ్పు వలల్లో చిక్కి ఊపిరాడక పోతాయి. వలకి తాబేలు తప్పించుకునే ఏర్పాటు ఒకటి బిగిస్తే బతుకుతాయి. అది లేదనే అమెరికా 2019లో మన దేశపు సముద్రపు రొయ్యని కొనడం ఆపేసింది, చెరువు రొయ్యకి ఇబ్బంది లేదు. సరే, ఒడ్డున చచ్చిన తాబేలు అటవీ శాఖది. దాన్ని చంపిన వల మత్స్యశాఖది. అది పడి ఉన్న ఇసుక రెవెన్యూది. నీళ్లలోకి ఫ్యాక్టరీ గొట్టం వస్తే అది కాలుష్య నియంత్రణ మండలిది. ఇటు పక్కనే శ్రీకూర్మంలో విష్ణువు తాబేలు రూపంలో పూజలందుకుంటాడు, గుళ్లో నక్షత్ర తాబేళ్లకి ఆకుకూర పెడతారు. అమ్మ అమ్మకానికి వెళ్తూ ముందు ఒడ్డున చచ్చినదాన్ని, తర్వాత గుళ్లో బతికున్నవాటిని చూసిన రోజులున్నాయి.

ఉప్పునీళ్ల గోడు ఇలా ఉంటే, మంచినీళ్ల సంగతి మా మేనత్త వాళ్ల వైపు చూశాను. సోంపేట దగ్గర వాళ్లు 'బీల' అంటారు, వానాకాలం నీళ్లు నిలిచి ఏడాదిలో ఎక్కువ భాగం తడిగా ఉండే పల్లపు నేల. చేపలకి, పశువుల మేతకి, చుట్టుపక్కల పొలాల నీటికి అదే ఆధారం. అక్కడ కొర్రమీను పట్టి బతికేవాళ్లున్నారు. రికార్డుల్లో మాత్రం అది ఎందుకూ పనికిరాని ప్రభుత్వ భూమి. అలా రాసుంది కాబట్టే థర్మల్ కేంద్రానికి ఇచ్చారు. 2010 జులై 14న జరిగిన కాల్పుల్లో మనుషులు పోయారు. తర్వాత పర్యావరణ అనుమతి రద్దైంది, 2015లో భూకేటాయింపు కూడా వెనక్కి తీసుకున్నారు. బీల ఇంకా ఉంది. ఒక చెరువుని, తంపరని (చిత్తడి నేలని) కాపాడాలంటే ముందు దాన్ని కాగితం మీద నీళ్లని రాయాలి, ఇది నేను అత్త నోట విన్న మాట. ఆమె బడికి వెళ్లలేదు.

చెరువుల్లో ఇంకో తంతు, వేలం పాట. పంచాయతీ చెరువుకి పాట పెడతారు, మత్స్యశాఖ చెరువులైతే మత్స్యకార సహకార సంఘాలకి లీజుకిస్తారు. సంఘం ఉంటే బొచ్చె, శీలావతి చేపపిల్లలు వదిలి పెంచుకుని పంచుకుంటారు. పెద్ద చెరువులకి బహిరంగ వేలం పెట్టొచ్చని జీవో 217 వచ్చినప్పుడు రాష్ట్రమంతా గొడవైంది. డబ్బున్నవాడు పాడుకుంటే సంఘం వాడు అదే చెరువులో కూలీ అవుతాడు, అంతే కదా. 2022 ఫిబ్రవరిలో నరసాపురం సభలో పవన్ కళ్యాణ్ ఆ జీవో ప్రతులు చించారు, 2024లో ప్రభుత్వం మారాక దాన్ని రద్దు చేశారు. మంచి పనే. అయితే సంఘం పేరు పెట్టుకుని వెనక నుంచి పెట్టుబడి పెట్టేవాడు పాటలన్నిటా ఉంటాడు, వాడు ఏ జీవోతోనూ పోడు. అది వేరే రోజు రాస్తాను.

ఇప్పుడు ట్రాన్స్‌పాండర్ సంగతికి వస్తాను, ఈ పోస్టు మొదలుపెట్టిందే దాని కోసం. ఇస్రో తయారుచేసిన చిన్న పెట్టె అది. 2024 ఆగస్టు 30న ప్రధాని పాల్ఘర్‌లో ఈ పథకాన్ని ప్రారంభించారు, దేశంలో లక్ష పడవలకి ఉచితంగా బిగించాలని. ఫోను సిగ్నల్ అందని చోట కూడా ఉపగ్రహం ద్వారా సందేశం వస్తుంది, ఆపద వస్తే మీట నొక్కొచ్చు, పడవ ఎక్కడుందో ఒడ్డున తెలుస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి మా ఇళ్లలో ఎలా గడిచిందో గుర్తున్నవాళ్లెవరూ దీన్ని వద్దనరు.

నాన్న వద్దన్నాడు. "నాను ఎక్కడ వల ఏస్తానో ఊరందరికీ సెప్పుకోవాలేటి?" అని. అది నవ్వాల్సిన మాట కాదు. చేప ఎక్కడ పడుతుందో తెలియడమే ఆయన ఆస్తి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌వాళ్లు చేపలుండే చోట్లని రోజూ చెప్తారు, నేను ఫోనులో చూసి చెప్తే ఆయన విని, తలాడించి, తన చోటుకే వెళ్తాడు. చివరికి అమ్మ పోరు పడలేక పెట్టె పెట్టించుకుంటానన్నాడు.

నాకు అప్పుడు తట్టింది. నాన్న ఫైబర్ పడవ ఎక్కడుందో పైనుంచి కనబడితే, సోనా బోటూ కనబడుతుంది. అది 8 కిలోమీటర్ల గీత లోపలికి ఎన్ని గంటలకి వచ్చింది, ఎంతసేపు ఉంది, అంతా ఆ లెక్కలో ఉంటుంది. నంబరు చీకట్లో చదవక్కర్లేదు, అక్షాంశం మా కుర్రాళ్లు స్క్రీన్‌షాట్ తీయక్కర్లేదు. సర్కారు ఇన్నాళ్లూ అడిగిన సాక్ష్యం సర్కారు దగ్గరే పడి ఉంటుంది. కావాల్సింది దాన్ని ఆ పనికి వాడాలన్న ఉద్దేశం. పెట్టె ఆపేసిన బోటుకి డీజిల్ రాయితీ ఆపితే చాలు, ఏ సరంగూ ఆపడు. మా పడవ నంబరు పెయింటు చెరిగితే భృతి ఆపగలిగినవాళ్లకి ఇది పెద్ద పనా?

గ్రామ సచివాలయంలో మత్స్య సహాయకుడిగా ఉన్న అబ్బాయిని అడిగాను. మంచివాడు, ఒడ్డుకి వచ్చి మాట్లాడతాడు. "ఆ మ్యాపు మా లాగిన్‌లో ఉండదక్కా, పైవాళ్లకి రాసి చూడండి" అన్నాడు. రాశాను. మూడే అడిగాం: గీత లోపలికి వచ్చిన మర బోట్ల వివరాలు నెలనెలా సచివాలయం బోర్డు మీద పెట్టాలి, వల తెగిందని ఫిర్యాదు వస్తే ఆ రాత్రి ట్రాన్స్‌పాండర్ లెక్క తీసి చూడాలి, చేపలమ్మే ఆడవాళ్లనీ నిషేధం లిస్టులో చేర్చాలి. మూడోది అమ్మ చేర్పించింది. పెద్దలు కాసేపు నసిగి సంతకాలు పెట్టారు, వేలిముద్రలేసిన ఆడవాళ్లు వాళ్ల కంటే ఎక్కువమందే.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. ఆ రోజు వేట మానుకుని వెళ్లేది ఎవరు, ఆటో డబ్బులు ఎవరు పెట్టుకోవాలి అన్నది ఇంకా తేలలేదు.